గిన్నె ముందు ఆగిన క్షణం

మా పక్క ఫ్లాట్‌లో ఒక ముసలి కుక్క ఉంది. ఎండలు ముదిరినప్పటి నుంచి, పొద్దున్నే నేను బాల్కనీలో పేపరు ముందేసుకుని కూర్చుంటే, అడ్డుగోడ అవతల అది స్టీలు గిన్నెలో నీళ్లు తాగే చప్పుడు వినిపిస్తోంది. మొదటి రోజు పట్టించుకోలేదు. రెండో రోజు నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. మూడో రోజు పేపరు మడిచి పక్కన పెట్టేశాను. అది తాగి, ఆగి, రొప్పి, మళ్లీ తాగడం మొదలుపెట్టింది. గిన్నె అంచు నేలకు తగిలి టంగుమంటోంది. షేక్‌పేటలో మూడో అంతస్తు మీద, ఫ్లైఓవర్ హారన్ల మోతలో కూర్చున్నవాణ్ని కాస్తా, ఫిల్మ్‌నగర్ కొండవాలులో పద్మావతి గారి మేడమీది గదిలోకి వెళ్లిపోయాను. ఫిల్ము అతికించే సిమెంటు ఘాటు ముక్కుకు తగిలినట్టే అనిపించింది. ఆవిడ పోయి పాతికేళ్లు దాటింది. అయినా ఆ చప్పుడు వినగానే "ఎంత తాగాడు?" అని వెనక నుంచి అడుగుతారేమోనని నడుం నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

పద్మావతి గారి పేరు మీరు విని ఉండరు. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉంటారు, ఎడిటర్ పేరు ఎవరి కంటా పడదు. ఆవిడది తెనాలి దగ్గర ఒక పల్లె. చిన్నతనంలోనే మద్రాసు వెళ్లి, లాబుల్లో నెగెటివ్ కోసే ఆడవాళ్ల మధ్య పని నేర్చుకుని, ముప్ఫై దాటాక ఎడిటర్ కుర్చీలో కూర్చున్న మనిషి. సినిమావాళ్లు ఒక్కొక్కరే మద్రాసు ఖాళీ చేసి వస్తున్న రోజుల్లో, ఎనభైల చివర, ఆవిడా హైదరాబాదు వచ్చారు. వెంట తెచ్చుకున్నవి రెండు ట్రంకు పెట్టెలు, ఒక ఎడిటింగ్ యంత్రం, సోడా అనే తెల్లటి పొమెరేనియన్ కుక్క. గోళీసోడా కొట్టిన చప్పుడుకు చిన్నప్పుడు ఎగిరి గంతేసేవాడట, అందుకని ఆ పేరు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరికేదీ, రీలు మీద రీలు వస్తూనే ఉంది" అనేవారు. కుక్కను "వాడు" అనే అనేవారు. అందుకని ఈ రోజుకీ సోడా విషయంలో నా నోట "అది" రాదు.

నేను బోరబండ వాణ్ని. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. డిగ్రీ పూర్తి చేసి రెండేళ్లు గాలికి తిరిగి, తెలిసిన ఒక కెమెరా అసిస్టెంటు చెబితే ఆవిడ దగ్గర చేరాను. మొదటి రోజు నా చేతులు తిప్పి చూసి, గోళ్లు కత్తిరించుకుని రమ్మన్నారు. రెండో రోజు యంత్రం ముందు కూర్చోబెట్టి, తెర మీద ఒక హీరో మొహం దగ్గర ఆపారు.

"ఇదిగో శంకర్, వీడు మాట విన్నాడు. జవాబు చెప్పేలోపల ఊరికే చూస్తున్నాడు. చూశావా? అక్కడ కొయ్యి. జనానికి అంత ఓపిక ఉండదు."

కోశాను. ముక్క కిందపడేయబోతే చెయ్యి పట్టుకున్నారు.

"కోసిన ముక్క పారెయ్యకూడదు నాయనా. నెంబరు రాసి మేకుకు తగిలించు. బొమ్మ విడుదలయ్యేదాకా ఏ ముక్కా చెత్త కాదు."

ఆ గదిలో గోడ పొడుగునా మేకులు, మేకుల నుంచి వేలాడే ఫిల్ము ముక్కలు, వాటి తోకలు నేలకు తగలకుండా కింద తెల్లగుడ్డ సంచి. రెండేళ్లలో నేను కొయ్యడంలో ఆరితేరిపోయాను. ఏ సీను ఇచ్చినా ఊపిరి తీసుకునే సందు లేకుండా చేసేవాణ్ని. డైరెక్టర్లు వీపు తట్టేవారు, నాకు పొగరు తలకెక్కింది. ఆవిడ మాత్రం మెచ్చుకునేవారు కాదు, తిట్టేవారూ కాదు. నేను కోసిన ముక్కల్ని ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు పెట్టి చూసి మళ్లీ తగిలించేవారు. ఆ చూడ్డం నాకు ఒళ్లు మంటగా ఉండేది, పని నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా అనుకునేవాణ్ని.

తొంభైల మొదట్లో ఒక వేసవిలో సోడా నీళ్లు తాగడం ఎక్కువైంది. అప్పటికి వాడికి పదకొండేళ్లు. ఫిల్మ్‌నగర్‌లో ఆ రోజుల్లో ఇళ్లకంటే బండలు ఎక్కువ, నీళ్లకు ట్యాంకరే దిక్కు. ఆవిడింట్లో వంటచేసే యాదమ్మ షేక్‌పేట నుంచి నడిచి వచ్చేది. ఆమెకు నీళ్ల చెంబు ప్రాణంతో సమానం.

"పొద్దుగాల్నుంచి గిది నాలుగో చెంబమ్మా. ట్యాంకరోడు రెండ్రోజులకొక్కసారి వస్తడు. గీడు తాగే తాగుడుకు ట్యాంకరు వీనికొక్కనికే సాలదు," అని మొత్తుకునేది. మళ్లీ తనే సమాధానపడేది. "ఎండలకేలే. గింత ఎండల మనకే గొంతు ఎండుతాంది, వానికి ఎండదా?"

తాగిన నీళ్లన్నీ మెట్ల మీద, గుమ్మంలో, ఒకసారి ఏకంగా రీలు డబ్బాల పక్కన పోసేశాడు. తిండి మీద విపరీతమైన యావ వచ్చింది. పొట్ట గుండ్రంగా దిగింది. వీపు మీద, తోక మీద బొచ్చు రాలి నల్లటి చర్మం కనిపించసాగింది. రీళ్లు చూడ్డానికి వచ్చిన డైరెక్టరు ఒకాయన వాడి పొట్ట చూసి, "అమ్మగారి చేతి తిండి ఒంటబట్టి అచ్చం నిర్మాతలా తయారయ్యాడండీ" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. అందరం ముసలితనం అనే అనుకున్నాం. ఆవిడ ఒక్కరే నవ్వలేదు.

ఆవిడ పట్టుకున్నది నీళ్లూ కాదు, పొట్టా కాదు. యంత్రం పక్కన సోడాకు ఒక పాత పేము కుర్చీ ఉండేది. మా పని మొదలుకాగానే అందులోకి ఎగిరి పడుకునేవాడు. ఒక మధ్యాహ్నం ఆవిడ చక్రం తిప్పడం ఆపి, "చూడు" అన్నారు. సోడా కుర్చీ ముందు నిలబడి ఉన్నాడు. తలెత్తి చూశాడు. తర్వాత ఎక్కాడు.

"ఏముందమ్మా, ఎక్కిండుగా?" అన్నాను.

"ఎక్కాడు. నిరుడు ఈ కుర్చీ ఎక్కడానికి ఆలోచించేవాడు కాదు. ఇప్పుడు సెకనున్నర ఆలోచించాడు. వాడి కాళ్లలో ఏదో తగ్గింది."

సెకనున్నర. నాకు నవ్వొచ్చింది, కానీ ఆవిడ అప్పటికే ఫోను తీసి డాక్టర్ సలీం గారి నెంబరు తిప్పుతున్నారు. ఆయన పశువుల ఆసుపత్రిలో రిటైరై, శ్రీనగర్ కాలనీలో చిన్న క్లినిక్ పెట్టుకున్న పెద్దమనిషి. స్కూటరు మీద వచ్చి, సోడా పొట్ట తడిమి, వీపు చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలారు. కాగితంలా పల్చబడి ఉంది.

"ఇది బుఢాపా కాదమ్మా, బీమారీ," అన్నారు. "కుషింగ్స్ అంటరు. తలకాయలో చిన్న గ్రంథి ఒకటి ఊరికే హుకుం ఇస్తుంటది. కిడ్నీల మీద ఉండే గ్రంథులు ఆ హుకుం విని అవసరానికి మించి పని చేస్తుంటయి. అందుకే ఈ దాహం, ఈ ఆకలి. నెత్తురు చూడాలె."

నెత్తురు చూడాలంటే పొద్దున ఒకసారి తీసి, ఒక సూది వేసి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయాలి. వాటిని పరీక్ష చేసేది మనుషుల లాబులో. సీసాలు పట్టుకుని ముమ్మారు వెళ్లింది నేనే. కౌంటర్లో మనిషి తలెత్తకుండా పేరడిగాడు, సోడా అన్నాను. వయసడిగాడు, పదకొండు అన్నాను. వారం తర్వాత రిపోర్టు మీద "మాస్టర్ సోడా" అని అచ్చుపడి వచ్చింది. పద్మావతి గారు ఆ కాగితాన్ని చాలాకాలం అద్దం వెనక దాచుకున్నారు. జబ్బు మాత్రం డాక్టరు గారు చెప్పిందే.

మందు ఇక్కడ దొరకదన్నారు. పాటల షూటింగుకు విదేశాలు వెళ్లే యూనిట్‌లో ఒక మేనేజరుకు చీటీ ఇస్తే, నెల తర్వాత హీరోయిన్ చీరల పెట్టెలో పెట్టి తెచ్చాడు. ఆ సీసా చేతిలో పట్టుకుని డాక్టరు గారు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఈ మందు కిడ్నీల మీది గ్రంథుల్ని కొంచెం కాలుస్తది. కొంచెం కాలితే మంచిది. ఎక్కువ కాలితే జానవర్ లేవదు. మొదట్ల రోజూ ఇయ్యాలె. ఎప్పుడు ఆపాలె అనేది ఏ రిపోర్టూ చెప్పదు. వాడే చెప్తడు. గిన్నె పెట్టంగనే మీద పడి తింటున్నడా, ఇంకా ఇయ్యండి. గిన్నె ముందు జర ఆగిండా, ఒక్క పల్ ఆగినా సరే, ఆ పూట మందు బంద్. నాకు ఫోన్ చెయ్యండి."

పోయేముందు ఎర్రదారం కట్టిన పొట్లం ఒకటి ఇచ్చారు. మందు మోతాదు మించి వాడు పడిపోతే, తను వచ్చేలోపల ఇవ్వడానికి వేరే మాత్రలు అందులో ఉన్నాయి.

ఆవిడ ఒక నోటుపుస్తకం తీసి రెండు గళ్లు గీశారు. ఒకటి నీళ్లు, ఒకటి తిండి. గీతలున్న గాజు జాడీతో కొలిచి నీళ్లు పోయడం, సాయంత్రానికి మిగిలింది కొలిచి తీసేయడం నా పని. తిండి దగ్గర మాత్రం ఆవిడే కూర్చునేవారు. యాదమ్మ కోడి ఉడకబెట్టి కలిపిన అన్నం సగం గిన్నెలో వేసేది. పద్మావతి గారు నేల మీద బాసింపట్టు వేసుకుని, కళ్లజోడు తుడుచుకుని, షూటింగు నుంచి వచ్చిన రషెస్ చూసినంత శ్రద్ధగా వాణ్ని చూసేవారు. వాడు మీదపడి నాకేశాక, మిగతా సగంలో అర మాత్ర పెట్టి ఇచ్చేవారు. ఇలా అయిదు రోజులు. నీళ్లు కొద్దికొద్దిగా తగ్గుతున్నాయి.

అయిదో రోజు మద్రాసు నుంచి కబురొచ్చింది. అప్పుడు మేం చేస్తున్న బొమ్మకు సంగీతం కలిపే రీరికార్డింగు అక్కడ జరుగుతోంది, రెండు రీళ్లలో నిడివి సరిపోవడం లేదట, ఆవిడ రాకపోతే కుదరదన్నారు. విడుదల దగ్గర పడింది. ఆవిడ సోడా మొహం చూశారు, నా మొహం చూశారు. చివరికి నోటుపుస్తకం నా చేతికిచ్చారు.

"రెండు రోజులు. అన్నం నువ్వే పెట్టు. తినేది కాదు, తినేముందు ఏం చేస్తాడో అది చూడు. ఏమనిపించినా మందు ఆపెయ్యి. ఆపితే నష్టం లేదు, ఇస్తేనే భయం. వింటున్నావా?"

"మీరు నిశ్చింతగ పోండమ్మా," అన్నాను. అంత ధీమాగా ఎందుకన్నానో, తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున గిన్నె పెట్టాను. సోడా వచ్చాడు. గిన్నె మీదకు వంగి, తలెత్తి, గుమ్మంవైపు చూశాడు. తర్వాత తిన్నాడు, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. అమ్మ కోసం చూసుకున్నాడు పాపం అనుకున్నాను. మిగతా సగంలో అర మాత్ర పెట్టాను. పుస్తకంలో "తిన్నాడు, పూర్తిగా" అని రాశాను. సాయంత్రమూ అంతే. ఈసారి కాస్త ఎక్కువసేపు చూశాడు గుమ్మంవైపు. యాదమ్మ కూడా "అమ్మ యాదికొచ్చింది గావచ్చు" అంది. మాత్ర ఇచ్చాను. "తిన్నాడు, పూర్తిగా" అని ఇంకోసారి రాశాను. అబద్ధం రాయాలనుకోలేదు. రెండేళ్లుగా చేతికి పట్టిన అలవాటు అది. మనిషి చూసి, ఆగి, పని చేస్తే, ఆగిన ముక్క తీసేసి పని మాత్రం ఉంచడమే నాకు తెలిసిన విద్య.

తెల్లవారి వెళ్లేసరికి సోడా పేము కుర్చీ కింద పడి ఉన్నాడు. చుట్టూ వాంతి. లేపితే వెనక కాళ్లు నిలవలేదు, ఒళ్లంతా వణుకు. యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అంతలో ఫోను మోగింది, మద్రాసు నుంచి ఆవిడే.

"ఎలా ఉన్నాడు?"

చెప్పాను.

"నిన్న గిన్నె పెట్టాక, మూతి పెట్టేముందు ఏం చేశాడు?"

"గుమ్మం దిక్కు చూసిండమ్మా. మీ కోసమని..."

"రెండు పూటలా?"

"ఆఁ."

"రాశావా?"

"తిన్నడనే రాసినమ్మా."

"కోస్తే కోశావు శంకర్, ముక్క ఎక్కడ పెట్టావు?" గొంతులో కోపం లేదు. అదే నన్ను నరికినట్టయింది. వెంటనే, "ఎర్రదారం పొట్లం విప్పు. డాక్టరు గారికి ఇక్కణ్నుంచే చేస్తాను. వాడి నోట్లో మాత్ర వేసి, గొంతు నిమురు. మింగేదాకా నిమురు" అన్నారు.

వేశాను. నిమిరాను. వాడి గొంతు నా వేళ్ల కింద ఎంతకీ కదల్లేదు. చచ్చిపోతాడనుకున్నాను, నేనే చంపాననుకున్నాను. నాన్న పోయినప్పుడు కూడా అంత భయపడలేదు నేను. చివరికి మింగాడు. డాక్టరు గారు వచ్చి సెలైను ఎక్కించారు, సూదులు వేశారు. మధ్యాహ్నం దాకా నేల మీదే కూర్చున్నాం. మూడింటికి సోడా తల ఎత్తి యాదమ్మ చెయ్యి నాకాడు. ఆమె ఆ చెయ్యి కొంగుకు తుడుచుకోలేదు, అట్లాగే గాలిలో పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పద్మావతి గారు స్టేషను నుంచి తిన్నగా పైకి వచ్చారు. నేను పుస్తకం చేతికిచ్చి, ఇక రానని చెబుదామని నిలబడ్డాను. ఆవిడ సోడా పక్కన కూర్చుని వాడి చెవులు, పళ్లు, కాళ్లు అన్నీ చూసుకున్నాక, "యంత్రం ఆన్ చెయ్యి" అన్నారు.

మేకుల దగ్గరికి వెళ్లి ఒక ముక్క తీశారు. ఆ బొమ్మలోదే, నేను కోసిందే. కొడుకు ఉత్తరం చదివి వినిపిస్తే తల్లి "మంచిది" అనే సీను. వినడానికి, అనడానికి మధ్య తల్లి పాత్ర చేసినావిడ ఊరికే చూసిన చూపు మొత్తం నేను తీసేశాను. దాన్ని తిరిగి అతికించమన్నారు. అతికించి తిప్పాను. "మంచిది" అన్న అదే మాట. కానీ ఆ తల్లికి అది ఎంత మాత్రం మంచిది కాదని ఈసారి నాకు తెలిసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సీనుకో సోడాకో తెలియదు.

"తప్పు నాదీ ఉందిరా. ఆగినచోట కొయ్యమని నేర్పాను. కొయ్యాలంటే ముందు చూడాలని వేరే చెప్పాలనుకోలేదు. నువ్వు చూడకుండానే కోస్తున్నావని ఈ ముక్కలు చూసి నాకు తెలుసు. ఇవాళో రేపో చెబుదామనుకుంటూ ఊరుకున్నాను."

తర్వాత నోటుపుస్తకం తెరిచి, స్కేలు పెట్టి మూడో గడి గీశారు. పైన "తినేముందు" అని రాశారు. ఆ పూట నుంచి వాడి గిన్నె దగ్గర మళ్లీ నన్నే కూర్చోబెట్టారు. ఇంకెవరైనా అయితే నన్ను ఆ ఛాయలకు రానిచ్చేవారు కాదు.

కోలుకున్నాక సోడాకు మందు వారానికి రెండుసార్లు చాలింది. బొచ్చు మళ్లీ వచ్చింది, కాకపోతే కొంచెం గోధుమరంగు తిరిగి వచ్చింది. ఆ డైరెక్టరే చూసి "జుట్టుకు రంగేయించారా అండీ" అన్నాడు, ఈసారి ఆవిడ కూడా నవ్వారు. మరో రెండున్నరేళ్లు బతికాడు. ఒక మధ్యాహ్నం పేము కుర్చీలో, యంత్రం తిరుగుతుండగానే, నిద్రలో పోయాడు. నాలుగు నోటుపుస్తకాలు నిండాయి అప్పటికి. మూడో గడిలో నేను రాయకుండా వదిలిన ఖాళీ ఎక్కడా లేదు.

ఇంకో నాలుగైదేళ్లకు, నేను సొంతంగా బొమ్మలు చేసుకుంటున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున ఆవిడింటికి వెళ్లాను. యాదమ్మ ఇద్దరికీ ఉప్మా పెట్టింది. ఆవిడ ఏదో కబురు చెబుతూ చెంచా నోటిదాకా తెచ్చి, ఆగి, గుమ్మంవైపు చూసి, తిన్నారు. రెండో చెంచాకీ అంతే. నేను పళ్లెం కింద పెట్టేశాను.

"ఎన్నాళ్ల నుంచి అమ్మా?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. దాచుదామా వద్దా అని ఆలోచించడం కనిపించింది నాకు.

"నెలరోజులైంది. ముద్ద దిగడం లేదు సరిగ్గా. యాదమ్మ కూడా కనిపెట్టలేదురా." తర్వాత చిన్నగా నవ్వారు. "బాగానే చూస్తున్నావు."

తొమ్మిదేళ్లలో ఆవిడ నా పనిని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అది వినడానికి నాకు ఏ మాత్రం సంతోషం లేకపోయింది. ఆసుపత్రిలో డాక్టర్లు బాగా ఆలస్యమైందనీ చెప్పలేదు, మరీ ఆలస్యం కాలేదనీ చెప్పలేదు. మాకు మిగిలింది ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ నేనూ యాదమ్మా వంతులవారీగా ఆవిడ మంచం పక్కన గిన్నె పట్టుకుని కూర్చున్నాం. నా సంచిలో అయిదో నోటుపుస్తకం ఉండేది.

ఇప్పుడు పని అంతా కంప్యూటర్ మీదే. కోసిన ముక్క దానంతటదే ఎక్కడో భద్రంగా ఉంటుంది, మేకులు అక్కర్లేదు. అయినా నా దగ్గర పని నేర్చుకునే వాళ్లను ముందు ఒక వారం ఏమీ కొయ్యనివ్వను, ఊరికే చూడమంటాను. ముసలాడి చాదస్తం అనుకుంటారని తెలుసు. ఇంట్లో భోజనాల దగ్గర నా భార్య "అట్లా గుడ్లప్పగించి చూడకు, తినవయ్యా" అని కసురుతుంది. చూడకుండా ఉండటం నా వల్ల కాదు.

ఈ పొద్దున పేపరు పక్కన పెట్టి, వెళ్లి పక్కింటి తలుపు తట్టాను. కాలేజీకి వెళ్లే అమ్మాయి తలుపు తీసింది. వెనకనే కుక్క రొప్పుతూ వచ్చి నా పాదాలు వాసన చూసింది. పొట్ట గుండ్రంగా ఉంది, తోక మీద బొచ్చు పల్చబడింది.

"దీని వయసెంతమ్మా?"

"పదేళ్లు అంకుల్. అరుస్తోందా? సారీ."

"అరవట్లేదు. నీళ్లు బాగా తాగుతున్నట్టుంది."

"ఎండలకే అంకుల్," అంది నవ్వి.

నేను గుమ్మం దగ్గరే నేల మీద కూర్చుండిపోయాను. మోకాళ్లు నొప్పి, అయినా కూర్చున్నాను.

"అది తినే గిన్నె ఒకసారి తెచ్చి పెట్టు తల్లీ," అన్నాను. "అట్లాగే ఒక నోటుపుస్తకం, స్కేలు ఉంటే తీసుకురా. మూడు గళ్లు గీయాలి."